ఇంటి చరిత్ర కాగితాలు: ఫైల్లోనూ కంప్యూటర్లోనూ సర్దుకోవడం ఎలా?

“మా కుటుంబం” పాఠం చెప్పిన వారంలోనే పిల్లలు బోలెడు సమాచారం పట్టుకొస్తారు. అమ్మమ్మతో వీడియో కాల్లో మాట్లాడుతూ రాసుకున్న పేర్లు, వాట్సాప్‌లో వచ్చిన పాత పెళ్ళి ఫోటో, తాతయ్య చెప్పిన ఊరి కబుర్లు అన్నీ ఉంటాయి. చార్టు మీద చెట్టు బొమ్మ వేయించి గోడకి అంటిస్తాం. ఏడాది తిరిగేసరికి చార్టు ఉండదు, ఫోన్ మారిపోతుంది. ఫోటోలో మూడో వరసలో నిలబడ్డావిడ ఎవరో చెప్పగలిగిన మనిషి కూడా ఒక్కోసారి ఉండరు. సమాచారం సేకరించడం అంత కష్టం కాదండీ. దాన్ని మళ్ళీ దొరికేట్టు పెట్టుకోవడమే కష్టం. ఆ పద్ధతి గురించే ఈ వ్యాసం.

ఒమాన్‌లో ఉన్నవాళ్ళకి ఇది ఎందుకు అవసరం

మన కుటుంబాల కాగితాలు ఒక్కచోట ఉండవు. పొలం పాసుపుస్తకం, పెద్దవాళ్ళ బడి సర్టిఫికెట్లు ఊళ్ళో ఉంటాయి. పిల్లల జనన పత్రాలు మస్కట్‌లోనో సోహార్‌లోనో మన బీరువాలో ఉంటాయి. ఫోటోలు అమెరికాలో ఉన్న పిన్ని ఫోన్లో ఉంటాయి. పైగా ఇక్కడ మన నివాసం ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఉద్యోగం మారితే కొద్ది వారాల్లోనే ఇల్లు సర్దేయాలి. ఆ హడావిడిలో ముందు చెత్తబుట్టలోకి పోయేవి పాత ఉత్తరాలు, క్యాసెట్లే. గల్ఫ్‌కి మొదట్లో వచ్చినవాళ్ళలో చాలామంది ఇంటికి మాటలు రికార్డు చేసి పంపింది ఆ క్యాసెట్లలోనే.

నీళ్ళ సంగతీ మర్చిపోకూడదు. 2007 జూన్‌లో గోను తుపాను వచ్చినప్పుడు మస్కట్‌లో ఎన్ని ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయో అప్పట్నుంచి ఉన్నవాళ్ళకి తెలుసు. 2021 అక్టోబరులో షహీన్ తుపాను బాతినా తీరాన్ని ముంచింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో మనుషులతో పాటు ఇళ్ళకి ఇళ్ళే పోయాయి. ఒక్కచోటే ఉన్న కాగితాన్ని భద్రంగా ఉన్న కాగితం అనలేం.

రాసి దాచుకోవడం మనకి కొత్తేమీ కాదు. గ్రామ కరణాలు ఊరి లెక్కల్నీ సంగతుల్నీ కవిలెల్లో రాసి ఉంచేవారు. కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు తదితరులు ఊరూరా తిరిగి సేకరించిన కైఫియతులు ఇప్పటికీ మన గ్రామ చరిత్రలకి ఆధారం. అవి రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా పనికొస్తున్నాయంటే, ఏది ఏ ఊరిదో గుర్తుపట్టేలా కట్టలు కట్టి భద్రపరచడమే కారణం.

మొదటి సూత్రం: ప్రతి వస్తువుకీ ఒక నంబరు, ఒక వరస

ఒక పొడవాటి నోటుబుక్కు తీసుకోండి. దాన్నే రిజిస్టరు అనుకుందాం. ఇంటికి వచ్చే ప్రతిదానికీ అందులో ఒక వరస కేటాయించండి. కాగితాలకి ‘ప’ (పత్రం), ఫోటోలకి ‘ఫ’, రికార్డు చేసిన మాటలకి ‘మా’ అని గుర్తు పెట్టుకుంటే చాలు. ప-001, ఫ-001, మా-001 అని మొదలుపెట్టి, వచ్చిన క్రమంలోనే నంబర్లు వేసుకుంటూ వెళ్ళండి. అమ్మ తరఫు, నాన్న తరఫు అని ముందే విడగొట్టకండి. ఒకే పెళ్ళి ఫోటోలో రెండు తరఫుల వాళ్ళూ ఉంటారు కదా!

రిజిస్టరులో ఆరు గళ్ళు ఉండాలి: నంబరు, ఏమిటిది, ఎవరి గురించి, ఎవరు ఇచ్చారు లేదా చెప్పారు, ఏ తేదీన, అసలుది ఎక్కడుంది. ఉదాహరణకి:

ప-007 | తాతయ్య పదో తరగతి సర్టిఫికెట్ నకలు | తాతయ్య (4) | బాబాయి ఇచ్చారు | 2024 ఆగస్టు | అసలుది తెనాలిలో పెదనాన్నగారి బీరువాలో

మా-003 | అమ్మమ్మ చెప్పిన కబుర్లు, 22 నిమిషాలు | 7, 14, 15 | అమ్మమ్మ చెప్పింది | 2024 డిసెంబరు | అమ్మ ల్యాప్‌టాప్‌లో

ఈ ఆరింటిలో ఒక్కటే నింపే తీరిక ఉంటే “ఎవరు చెప్పారు” అన్నది నింపండి. అన్నిటికన్నా ముఖ్యం అదే. బామ్మ “మా పెళ్ళి ఉప్పెన తర్వాత” అంటుంది. శుభలేఖ మీద 1976 అని ఉంటుంది. ఒకటి ఉంచి ఇంకొకటి కొట్టేయకండి. రెండూ రాసి, పక్కన ఏది ఎక్కడిదో నంబరు వేయండి. శుభలేఖ ఆ రోజుల్లో అచ్చయింది, బామ్మ మాట నలభై యాభై ఏళ్ళ తర్వాతి జ్ఞాపకం. ఆధారం రాసి ఉంటే రేపు మీ అమ్మాయి తనే తేల్చుకోగలదు. లేకపోతే మళ్ళీ బామ్మనే అడగాలి. అప్పటికి అడిగే వీలు ఉండాలి కదా.

మనుషులకీ నంబర్లు

పై ఉదాహరణల్లో 4, 7, 14 అన్నవి మనుషుల నంబర్లు. బిడ్డ 1, నాన్న 2, అమ్మ 3. ఏ మనిషి నంబరునైనా రెట్టింపు చేస్తే వాళ్ళ నాన్న, దానికి ఒకటి కలిపితే వాళ్ళ అమ్మ. అలా నాన్న నాన్నగారు 4, నానమ్మ 5, అమ్మ నాన్నగారు 6, అమ్మమ్మ 7, అమ్మమ్మ తల్లిదండ్రులు 14, 15. రెండో ఎక్కం వచ్చిన పిల్లలందరూ దీన్ని ఇట్టే పట్టుకుంటారు. అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ అయితే పక్కన చిన్న అక్షరం చేర్చండి: పెదనాన్న 2క, బాబాయి 2చ అన్నమాట.

మన ఇళ్ళల్లో ఒక చిక్కు వస్తుంది, మేనరికం. నాన్న తన అక్క కూతుర్నే చేసుకుంటే, అమ్మమ్మ (7) నాన్నకి అక్క అవుతుంది. అప్పుడు 4, 14 ఒకే మనిషి, 5, 15 కూడా ఒకే మనిషి. పిల్లలు లెక్క తప్పిందనుకుని కంగారు పడతారు. తప్పేమీ లేదని చెప్పి, చిన్న నంబరుతోనే రాసుకుని, పెద్ద నంబరు దగ్గర “4 చూడండి” అని వేయించండి. దత్తత వెళ్ళినవాళ్ళ విషయంలో ఇంటిపేరు మారి ఉండొచ్చు కాబట్టి పాతదీ కొత్తదీ రెండూ రాయాలి.

కాగితం ఫైలు

రెండు రంధ్రాల ఫైలు ఒకటి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవర్లు కొన్ని చాలు. ప్రతి కవరు మీద నంబరు వేయండి. అసలు కాగితం మీద పెన్నుతో ఏమీ రాయకండి. ఫోటో వెనకైతే మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, నంబరు మాత్రం రాయండి. లామినేషన్ చేయించకండి, ఒకసారి చేయిస్తే మళ్ళీ విడదీయలేం. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉన్న ఫోటో రాకపోతే పీకకుండా అక్కడే ఉంచి ఫోటో తీసుకోండి. ఫైలుని కారు డిక్కీలో, బాల్కనీ గదిలో, వంటింటి అల్మరాలో పెట్టొద్దు. మస్కట్ వేసవికి, ఉక్కపోతకి అంటుకుపోతాయి. పడకగదిలో, నేలకి ఎత్తుగా ఉన్న అర మంచిది.

కంప్యూటర్లో

కంప్యూటర్లో కూడా అవే మూడు ఫోల్డర్లు: పత్రాలు, ఫోటోలు, మాటలు. ఫైలు పేరు నంబరుతోనే మొదలవ్వాలి: “ఫ-012_1978_పెళ్ళి_తెనాలి”. సున్నాలు వేసి మూడంకెలు చేస్తే ఏ కంప్యూటరైనా వరసగా చూపిస్తుంది. రిజిస్టరుని ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో అవే ఆరు గళ్ళతో ఎక్కించండి. కాగితం మీద ప-007 చూసినవాళ్ళకి కంప్యూటర్లో ప-007 దొరకాలి, అంతే.

* కాగితాల్ని 300 డీపీఐలో, చిన్న ఫోటోల్ని 600 డీపీఐలో స్కాన్ చేయండి. వెనక రాత ఉంటే వెనకవైపూ తీయండి.
* వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. బంధువుల్ని ‘డాక్యుమెంట్’గా పంపమని అడగండి.
* తెలుగుని యూనికోడ్‌లోనే టైపు చేయండి. పాత అను ఫాంట్లలో చేసినవి ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తాయి.
* వంశవృక్షం గీయడానికి గ్రాంప్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. ఏది వాడినా సమాచారాన్ని ‘జెడ్‌కామ్’ రూపంలో బయటికి తీసుకునే వీలుందో లేదో ముందు చూసుకోండి.
* మూడు ప్రతులు ఉంచండి: ఒకటి ఇక్కడ, ఒకటి ఊళ్ళో పెన్ డ్రైవ్‌లో, ఒకటి క్లౌడ్‌లో. ఆఫీసు మెయిల్ ఖాతాలో మాత్రం పెట్టొద్దు. ఉద్యోగంతో పాటు అదీ పోతుంది.

పేర్లు, తేదీలు, ఊళ్ళు

*పేరు:* ఏ కాగితంలో ఎలా ఉంటే అలాగే రాయండి. అరబ్బీలో ‘ప’ అక్షరం లేదు కాబట్టి రెసిడెంట్ కార్డు మీద అరబ్బీలో పద్మ ‘బద్మ’ అయిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఉంటుంది. అన్నీ ఒకే మనిషివేనని నంబరే చెబుతుంది.

*తేదీ:* 05/06/1982 అంటే మనకి జూన్ 5, అమెరికా బంధువులకి మే 6. అందుకే నెల పేరు రాయండి. పెద్దవాళ్ళ బడి సర్టిఫికెట్లో ఉన్నది చాలాసార్లు బళ్ళో వేసిన పుట్టినరోజే, అసలుది వేరే ఉంటుంది. రెండూ రాయండి. “క్రోధి నామ సంవత్సరం మాఘమాసం” అంటే అరవై ఏళ్ళ చక్రంలో 1904 కావచ్చు, 1964 కావచ్చు. పైగా ఉగాదితో మొదలైన ఏడాదిలో మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది, కాబట్టి 1905 లేదా 1965 అవుతుంది. పహాణీ, అడంగల్‌లలో ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి: ఫసలీ 1360 అంటే సుమారు 1950–51.

*ఊరు:* అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ కావాలి. ఒంగోలు 1970కి ముందు గుంటూరు జిల్లాలో ఉండేది. జగిత్యాల 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయ్యాయి. పాత కాగితం వెతకాలంటే పాత జిల్లా పేరే దారి.

తరగతిలో ఎలా చేయించాలి

చిన్న తరగతుల వాళ్ళతో ఒక్క ఫోటో చాలు: ఎవరెవరు, ఎక్కడ, ఎవరు చెప్పారు. ఆ మూడు వాక్యాలూ తెలుగులో రాయిస్తే రాత అభ్యాసం కూడా అయిపోతుంది. పెద్ద పిల్లలు పదిహేను నిమిషాలు ఒక పెద్దావిడతోనో పెద్దాయనతోనో మాట్లాడి రికార్డు చేసి, రిజిస్టరులో ఎక్కించాలి. మొదలుపెట్టేముందు “రికార్డు చేయొచ్చా తాతయ్యా?” అని అడగడం నేర్పండి. “ఇది రాయొద్దమ్మా” అంటే ఆపేయాలి. పాస్‌పోర్టులు, ఐడీ కార్డుల నకళ్ళు, బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు క్లాసు గ్రూపులో పెట్టించకండి.

ఇంకో మాట. అందరిళ్ళలోనూ పాసుపుస్తకాలు, పాత ఫోటోలు ఉండవు. కొందరి ముత్తాతలకి పొలమూ లేదు, బడీ లేదు. అమ్మానాన్నలు విడిపోయిన ఇళ్ళు కూడా ఉంటాయి. కాబట్టి ఎవరి చెట్టు ఎంత పెద్దదని పోటీ పెట్టొద్దు. కూలి పనికి మస్కట్ వచ్చిన తాతయ్య చెప్పిన మొదటి రోజు ముచ్చట, తేదీ వేసి పేరు రాసి ఉంచితే, ఏ పాసుపుస్తకానికీ తీసిపోని ఆధారమే.

టర్ము చివరికి ఒక్కో ఇంట్లో పది వస్తువులు నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కి, మూడు చోట్ల ఉంటే మీరు అనుకున్నది సాధించినట్టే. ఈ శుక్రవారం అమ్మమ్మకి ఫోన్ చేసినప్పుడు ఫ-001 ఏదో అడిగి మొదలుపెట్టండి.