ఎడారి కొండబాటలో చెమట లెక్క

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమునకు రాజధాని ఫీనిక్సు. సొనోరా ఎడారిలో వెలసిన ఈ నగరము నడుమ, మోకరిల్లిన ఒంటెవలె కనుపించు కొండ యొకటి కలదు. దాని పేరు కూడ కేమెల్‌బాక్, అనగా ఒంటెవీపు. దాని శిఖరమునకు పోవు బాటలలో ఒకదాని పొడవు సుమారు రెండు కిలోమీటర్లే. ఎక్కవలసిన ఎత్తు సుమారు 390 మీటర్లు. సెలవుదినములలో పిల్లలు, పెద్దలు వినోదమునకై దీనినెక్కుదురు. ఇంత చిన్న బాటలో వేసవియందు మనుష్యులు సొమ్మసిల్లి పడిపోవుటకు కారణమేమి?

కొండ యెక్కునప్పుడు కండరములు వ్యయపరచు శక్తిలో పనిగా మారునది నాలుగవ వంతునకు మించదు, తక్కినది ఉష్ణమగును. 60 కిలోగ్రాముల బరువుగల వ్యక్తి గంటసేపు చురుకుగా ఎక్కినచో సుమారు 400 కిలోకాలరీల ఉష్ణము పుట్టునని అనుకొందము. దేహములోని ఒక కిలోగ్రామును ఒక డిగ్రీ వేడిచేయుటకు 0.83 కిలోకాలరీ చాలును. అనగా ఇతని దేహమంతటికి డిగ్రీకి 50 కిలోకాలరీలు. పుట్టిన ఉష్ణమంతయు లోపలనే నిలిచినచో, గంటలో దేహోష్ణత 8 డిగ్రీలు పెరిగి 45 డిగ్రీలగును! 41 దాటిననే ప్రాణాపాయము. ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై వేయించినచో, విశిష్టోష్ణము పాఠము విద్యార్థులకు మరి మరపునకు రాదు.

చలికాలమున ఈ వేడిలో చాల భాగము చర్మమునుండి గాలికి పోవును. ఎండలో చర్మపు ఉష్ణత సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటె వేడియైనచో గాలియే దేహమును కాచును. 2023లో జూన్ 30 మొదలు జూలై 30 వరకు, వరుసగా 31 దినములు, ఫీనిక్సులో గరిష్ఠ ఉష్ణోగ్రత 43.3 సెంటీగ్రేడు డిగ్రీలకు తగ్గలేదు. అట్టి దినములలో మిగిలిన దారి చెమట యొక్కటే. లీటరు చెమట ఆవిరియగుచు దేహమునుండి సుమారు 580 కిలోకాలరీలను తీసికొనిపోవును. పై 400 కిలోకాలరీలకే 700 మిల్లీలీటర్లు కావలెను. ఎండ, కాగిన రాళ్ళ వేడి చేరినచో గంటకు లీటరు దాటవచ్చును.

విచిత్రమేమనగా, ఇంత నీరు పోవుచున్నట్లు నడచువానికి తెలియదు. మన కోస్తా జిల్లాలలో గాలి తేమగా నుండుటచే చెమట ఆరక, ధారలు కట్టి, చొక్కాను తడుపును. కారిపోయిన ఆ చెమట దేహమును చల్లబరచదు గాని, నీరు పోవుచున్నదని మాత్రము తెలుపును. ఎడారి పొడిగాలిలో చెమట పట్టినది పట్టినట్లే ఆవిరియగును. చర్మముపై మిగులునవి ఉప్పు చారలు. ఫీనిక్సు ప్రక్కనున్న టెంపీ విశ్వవిద్యాలయమునకు చదువ బోవు తెలుగు విద్యార్థులలో కోస్తావారు దీనిని ప్రత్యేకముగా గుర్తించుకొనవలెను. "చెమటే పట్టలేదు గదా" అనుకొనుట అచట పెద్ద పొరపాటు. దాహము కూడ ఆలస్యముగానే మేల్కొనును.

ఆ బాట ప్రక్కనే సవారో అను నిలువెత్తు జెముడు జాతి చెట్టు హాయిగా నిలిచియుండును. అది తన రంధ్రములను పగలు మూసికొని, రాత్రి చల్లదనములో మాత్రమే తెరచి అంగారామ్ల వాయువును గ్రహించును. దాని కండ 50 డిగ్రీల వేడిని సైతము ఓర్చుకొనును. మన దేహమునకు ఆ వెసులుబాటు లేదు. ఎండ ముదిరిన కొలది రంధ్రములు తెరచి నీరు ధారపోయవలసినదే.

బాటలో మరియొక చిక్కు కలదు. ఎక్కునది చల్లని ప్రొద్దున, దిగునది ముదిరిన ఎండలో. కావున తెల్లవారక ముందే బయలుదేరి, సీసాలో నీరు సగమైనప్పుడు, శిఖరము కనుచూపు మేరలో నున్నను, వెనుదిరుగవలెను. గంటల తరబడి ఉత్త నీరే త్రాగుట కూడ మంచిది కాదు. రక్తములో ఉప్పు పలుచనై తల తిరుగును. నీటితోపాటు ఉప్పు కలిసిన తినుబండారము కొంత ఉండవలెను.

కుక్కకు మనవలె దేహమంతట చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటయే దానికి ప్రధానమైన ఆధారము. అందుచే ఫీనిక్సు నగరము 2016 నుండి, ఉష్ణోగ్రత 100 ఫారెన్‌హీటు డిగ్రీలు చేరినచో బాటలపైకి కుక్కలను తేరాదని నిషేధించినది. 2021లో తీవ్ర ఉష్ణ హెచ్చరిక వెలువడిన దినములలో కేమెల్‌బాక్ మొదలైన కొండల బాటలను మనుష్యులకు కూడ ఉదయము 11 నుండి సాయంకాలము 5 గంటల వరకు మూయసాగిరి. పడిపోయినవారిని దింపబోయిన అగ్నిమాపక సిబ్బందియే వేడికి సొమ్మసిల్లుట ఇందుకొక కారణము. తరువాత ఆ మూసివేత వేళను ఉదయము 9 గంటలకు జరిపిరి.