ఒకే త్రోవ గల ఆట

ఈ సంవత్సరము మా పాఠశాల విద్యార్థులు కొందఱు విరామసమయమున వేపచెట్టు క్రింద గట్టిగా వాదించుకొనుచుండగా మేము వింటిమి. ఆ వాదము క్రికెట్టును గుఱించినది కాదు, పరీక్షలను గుఱించినదియు కాదు. అది ఫైనల్ ఫాంటసీ 13 అను జపాను దేశపు వీడియో ఆటను గుఱించినది. "అది ఆటయే కాదు, పొడవైన వసారాలో నడుచుట మాత్రమే" అని యొకడనెను. "యుద్ధవిధానము నెఱిగి యాడినచో దానికి సాటి లేదు" అని మఱియొకడు బదులు చెప్పెను. గంట మ్రోగువఱకు ఇరువురును పట్టు విడువరైరి.

ఇట్టి మాటలను పెద్దలు పిల్లచేష్టలని త్రోసివేయుట వాడుక. కాని వారి వాదమునందు ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును సంబంధించిన గొప్ప ప్రశ్న యొకటి దాగియున్నదని మాకు తోచెను. నేర్పువాడు నేర్చుకొనువానిని ఎంతదూరము చేయి పట్టుకొని నడిపింపవలయును? ఎప్పుడు ఆ చేయి విడువవలయును? కావున మేమును ఆ ఆటను కడవఱకు ఆడి చూచి, మాకు తోచిన గుణదోషములను ఇచట విన్నవించుచున్నాము.

మొదట ఈ విషయము నెఱుగనివారి కొఱకు కొన్ని మాటలు. పాత్రధారణ క్రీడ యనగా, ఆడువాడు ఒక కథలోని మనుష్యులను తానే నడుపుచు, శత్రువులతో పోరి, క్రమక్రమముగా వారికి బలమును విద్యలను సంపాదించిపెట్టు ఆట. ఫైనల్ ఫాంటసీ అను పేర ఇట్టి ఆటల వరుస 1987వ సంవత్సరమున జపానులో ఆరంభమైనది. ఆ వరుసలో సంఖ్య మాఱినపుడెల్ల సాధారణముగా లోకమును మనుష్యులును కథయు మాఱును. పదుమూడవ ఆటను స్క్వేర్ ఎనిక్స్ సంస్థవారు 2009వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన జపానులోను, 2010వ సంవత్సరము మార్చి 9వ తేదీన అమెరికా ఐరోపాలలోను ప్రకటించిరి. 2014లో అది సాధారణ కంప్యూటరులపై ఆడుటకును వీలుపడినది. దీనికి దర్శకుడు మొటోము టొరియామా. సంగీతము కూర్చినవాడు మసాషి హమావుజు.

కథ సంగ్రహముగా నిట్లున్నది. కకూన్ అనునది ఆకాశమున నిలిచియున్న గోళాకారమైన లోకము. దాని క్రింద గ్రాన్ పల్స్ అను విశాలమైన అడవిభూమి కలదు. ఫాల్సీ యను మహాశక్తులు కకూన్ ప్రజలకు అన్నము, వెలుతురు, సుఖము సమకూర్చి పోషించుచుండును. ప్రజలు తాము భాగ్యవంతులమని యెంతురు గాని, నిజమునకు దొడ్డిలోని పశువులవలె నున్నారు. ఫాల్సీ యెన్నుకొన్న మనుష్యుని దేహముపై ఒక ముద్ర పడును. వానికొక పని విధింపబడును, కాని ఆ పని యేమియో స్పష్టముగా చెప్పబడదు. నెఱవేర్చినవాడు స్ఫటికమై నిద్రించును, నెఱవేర్పనివాడు వికృతరూపియై తిరుగును. ఇట్టి ముద్ర పడిన ఆర్గురు, తమ తలవ్రాతను ధిక్కరించి నడచుటయే ఈ కథ.

ఇక త్రోవను గుఱించి. ఈ ఆట 13 అధ్యాయములుగా విభజింపబడినది. మొదటి పది అధ్యాయములలో ఆడువానికి దాదాపుగా ఒకే త్రోవ యుండును. ముందునకు పోవుటయే గాని ఎడమకు కుడికి తిరుగుటకు చోటు మిక్కిలి తక్కువ. పూర్వపు ఆటలలో ఊరిలోనికి పోయి జనులతో మాటలాడి, అంగడిలో సరకులు బేరమాడు వేడుక యుండెడిది. ఇందు అంగడులు సైతము ఆటను భద్రపఱచు యంత్రస్తంభములలోనే యిమిడియున్నవి. పాత్రల బలమునకును అధ్యాయమునకొక హద్దు విధింపబడినది, ఎంత పోరినను కథ ముందునకు సాగువఱకు ఆ హద్దు దాటరాదు. సుమారు 20 గంటలు ఆడిన పిమ్మట, పదునొకండవ అధ్యాయమున, గ్రాన్ పల్స్ బయలు కన్నుల యెదుట విచ్చుకొనును. అచట కొండవలె కదలు మృగములు, ఇచ్చవచ్చిన దిక్కునకు పోదగిన పచ్చిక మైదానములు గలవు. ఇష్టమైనచో చేపట్టదగిన 64 వేటకార్యములును గలవు. కాని ప్రధానకథను పట్టి పోయినచో త్రోవ మరల ఇఱుకగును.

యుద్ధవిధానము నెఱుగక ఈ ఆటపై తీర్పు చెప్పుట న్యాయము కాదు. ఒకేసారి ముగ్గురు మాత్రమే పోరుదురు. ఆడువాడు వారిలో నాయకుని మాత్రమే నడుపును, తక్కిన ఇరువురును తమంతట తామే పోరుదురు. ప్రతివానికిని ఆరు వృత్తులలో కొన్ని చేతనగును. కమాండో దెబ్బకొట్టువాడు. రావేజర్ మంత్రశక్తితో వెంటవెంట తాకువాడు. సెంటినెల్ శత్రువుల దెబ్బలను తనమీదికి లాగుకొని కాచువాడు. మెడిక్ గాయములు మాన్పువాడు. సినర్జిస్టు తనవారికి బలము కూర్చును, సాబొటార్ శత్రువు బలమును తగ్గించును. ఈ వృత్తుల కూర్పునకు పారడైము అని పేరు. అట్టి కూర్పులు ఆరింటిని ముందుగా సిద్ధపఱచుకొని, యుద్ధమధ్యమున ఒక మీట నొక్కి ముగ్గురి వృత్తులను ఒక్కసారిగా మార్పవచ్చును.

శత్రువును గెలుచుటకు కేవలము కొట్టిన చాలదు. ప్రతి శత్రువునకు ఒక కొలబద్ద కలదు. దెబ్బలు తగులుకొలది అది 100 నుండి పైకెక్కును, విడిచిన జాఱిపోవును. రావేజర్ దెబ్బలు దానిని వేగముగా నెక్కించును గాని అది అంతే వేగముగా దిగును. కమాండో దెబ్బలు స్వల్పముగా నెక్కించును గాని దిగకుండ నిలుపును. మన యిండ్లలో పొయ్యి రాజేయు తల్లులకు ఈ మర్మము చక్కగా తెలియును. చితుకులు భగ్గున మండి చల్లాఱును, మొద్దు మెల్లగా నంటుకొని వేడిని నిలుపును, రెండును కూడిననే అన్నము ఉడుకును. కొలబద్ద నిర్ణీతమైన గుఱుతునకు చేరగానే శత్రువు తూలిపోవును. అప్పుడు కొట్టిన దెబ్బ కొలబద్దపై సంఖ్యను బట్టి హెచ్చును. 300 వద్ద మూడింతలు, 500 వద్ద ఐదింతలు, ఇట్లు 999 వఱకు పెరుగును. తూలిన శత్రువు తేఱుకొనులోపల పని ముగింపవలెను.

"మీట యొకటి నొక్కుచుండిన యుద్ధము తానే జరుగును, ఇందేమి నేర్పు?" అని పలువురు ఆక్షేపింతురు. నాయకుడు చేయవలసిన దెబ్బలను యంత్రమే యెన్నుకొను ఏర్పాటు ఇందు కలదు, అది నిజము. మొదటి అధ్యాయములలో ఆ మీట నొక్కుచు కూర్చుండినను గెలుపు వచ్చును, అదియు నిజము. కాని ఆట ముదిరిన కొలది సంగతి మాఱును. శత్రువు పెనుదెబ్బకు చేయి ఎత్తుట చూచి, రెండు క్షణములలో ముగ్గురిని రక్షణవృత్తికి మార్పకున్నచో నాయకుడు పడును. నాయకుడు పడెనా, తక్కిన ఇరువురు నిలిచియున్నను యుద్ధము పోయినట్లే. కొలబద్ద గుఱుతునకు చేరువగా నున్నపుడు గాయములు మాన్పుకొనవలెనా, తెగించి మఱియొక దెబ్బ కొట్టవలెనా? ఈ నిర్ణయమే యుద్ధము. వాలీబాలు జట్టు నాయకుడు ప్రతి బంతిని తానే కొట్టడు, ఎవడెచట నిలువవలయునో ఎఱిగి నిలుపును. ఈ ఆట సిపాయి చేతివాటమును గాక సేనాని తెలివిని పరీక్షించుచున్నది.

మఱియొక మంచి సంగతి. ప్రతి యుద్ధానంతరమున గాయములన్నియు మానిపోవును. ఓడినచో యుద్ధమునకు కొంచెము ముందునుండియే మరల ఆరంభింపవచ్చును. కనుక ఆటను కూర్చినవారు ప్రతి యుద్ధమును దానికదియే ఒక లెక్కవలె కఠినముగా నిర్మింపగలిగిరి. ఓటమికి శిక్ష స్వల్పము, పాఠము మాత్రము పూర్ణము. మా తరగతి గదులలోను ఇట్లుండిన బాగుండునని మేము మనసులో ననుకొంటిమి.

ఇపుడు వాదమునకు వత్తము. ఒకే త్రోవ దోషమా? దర్శకుడు టొరియామా, మితిలేని స్వేచ్ఛ యిచ్చినచో బలమైన కథ చెప్పుట కష్టమని అభిప్రాయపడెను. ఆ మాటలో సత్యము లేకపోలేదు. దానికి నిదర్శనముగా హోప్ అను బాలుని వృత్తాంతము చెప్పుదుము. వానికి పదునాలుగేండ్లు. కథారంభముననే వాని తల్లి మరణించును. ఆమె చేయి పట్టుకొని కాపాడజూచి కాపాడలేకపోయినవాడు స్నో అను యువకుడు. బాలుడు ఆ మరణమునకు స్నోయే కారకుడని నమ్మి, పగ పెంచుకొని, అధ్యాయముల కొలది దానిని మోయును. ఏడవ అధ్యాయమున ఆ యిరువురే జంటగా పోరవలసివచ్చును. స్నో ముందు నిలిచి దెబ్బలు కాయును, వెనుక నిలిచి వాని గాయములు మాన్పవలసినవాడు హోప్. తాను ద్వేషించువానిని తన చేతులతోనే బ్రదికించుకొనవలెను! ఆడువాడు దీనిని తప్పించుకొని వేఱొక త్రోవను పోజాలడు. పిమ్మట ఆ పగ కరగుట చూచినపుడు, క్షమను గుఱించి పెద్ద ప్రసంగము వినకయే బాలురు దానిని గ్రహింతురు. ఇచట ఇఱుకు త్రోవ మేలే చేసినది.

అయినను, దోషము లేదని మేము చెప్పజాలము. దోషము త్రోవ యొకటియగుటలో లేదు, ఆ త్రోవపై తప్పుటకు వీలులేకుండుటలో నున్నది. జాన్ బన్యన్ 1678లో ప్రకటించిన యాత్రికుని ప్రయాణమును మా పాఠకులు చాలమంది యెఱుగుదురు. అందును త్రోవ యొకటే, అదియు ఇఱుకైనదే. కాని క్రైస్తవుడను ఆ యాత్రికుడు మెత్తని పచ్చికను చూచి త్రోవ విడిచి పోవును, పోయి నిరాశ యను రాక్షసుని కోటలో చిక్కును. త్రోవ విడుచుటకు వీలుండుట చేతనే, త్రోవ నంటియుండుటకు విలువ కలిగినది. మేము చెప్పుచున్న ఆటలో ఇరుప్రక్కల గోడలే కలవు. తప్పలేనివాడు తప్పలేదని మెచ్చుకొనుట యెట్లు?

ఇందు మఱియొక వింత కలదు. కథలోని ఆర్గురును "మాకు విధించిన త్రోవను నడువము, మా త్రోవను మేమే యెన్నుకొందుము" అని శపథము పట్టినవారు. ఆ శపథమును చెప్పు ఆటయే ఆడువానికి ఒక్క త్రోవను విధించుచున్నది. ఇది బుద్ధిపూర్వకముగా చేసిన శ్లేషయని కొందఱు సమర్థింతురు. మాకు మాత్రము అది కొంత లోపమనియే తోచుచున్నది. కర్తలును ఈ ఆక్షేపణను విననివారు కారు. 2011లో వెలువడిన తరువాతి భాగమున కాలమునందు ముందువెనుకలకు పోవుటకును, చూచిన చోటికి మరల వచ్చుటకును వీలు కల్పించిరి.

కావున మా విద్యార్థులలో ఇరువురును సగము సగము నిజము పలికిరని మా తీర్పు. యుద్ధవిధానము మిక్కిలి తెలివిగా కూర్చబడినది, దానిని నేర్పిన పద్ధతియు మంచిదే. కాని నేర్పుట ముగిసిన తరువాతను గురువు చేయి విడువలేదు. ఐదు గంటలలో నేర్వదగినదానికి ఇరువది గంటలు పట్టినచో, ఓపిక గలవాడు మాత్రమే పచ్చికబయలును చేరును. తక్కినవారు వసారాలోనే విసిగి వెనుదిరుగుదురు, లోపలి విద్య యేమో వారికి ఎన్నటికిని తెలియదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ ఆటను అమెరికాలో పదుమూడేండ్లు దాటినవారికిని, ఐరోపాలో పదునాఱేండ్లు దాటినవారికిని తగినదిగా నిర్ణయించిరి. ఇది మిక్కిలి దీర్ఘమైన ఆట గనుక దినమునకింత యని కాలము నిర్ణయించుట యవసరము. అయినను, ఆట నిషేధించుటకు ముందు ఒక సాయంకాలము పిల్లవాని ప్రక్కన కూర్చుండి, "ఈ కొలబద్ద యేమి? నీవిపుడు ఎందుకు వృత్తులు మార్చితివి?" అని యడిగి చూడుడు. ఆ బాలుడు ఎంత శ్రద్ధతో వివరించునో చూచి మీరే ఆశ్చర్యపడుదురు. కారణము చెప్పి వివరింపగలవాడు ఆలోచించుచున్నవాడు. వివరింపజాలక మీట మాత్రమే నొక్కుచున్నచో, అపుడు లేపి ఆటస్థలమునకు పంపుడు.

ఉపాధ్యాయులమైన మాకును ఇందొక హెచ్చరిక కలదు. ప్రశ్నకు జవాబు, జవాబునకు మార్కు, మార్కునకు తరగతి అని మేమును పిల్లలను ఏండ్ల తరబడి వసారాలో నడిపించుచున్నాము. పదవతరగతి ముగిసిన మఱునాడు గోడలు మాయమగును. ఆ బయలులో కొండలవంటి మృగములు తిరుగుచునే యుండును. అంతవఱకు ఒక్కసారియైనను త్రోవ తప్పి, తాము చేసిన తప్పును తామే దిద్దుకొనుటకు అవకాశమీయని పిల్లలు ఆ బయలున నెట్లు నిలుతురు? వేపచెట్టు క్రింద వాదించిన ఆ బాలురు ఎఱుగకయే మమ్మునీ ప్రశ్న యడిగిరి. అందులకు వారికి మేము కృతజ్ఞులము.