పొగ కనిపిస్తే పని ఆగాల్సిందే!

ఒకప్పుడు అక్కడ ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు అదే నేల మీద అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, పిల్లల బడులు లేస్తున్నాయి. మట్టిలోకి ఇంకిన రసాయనం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆవిరై పైకి వస్తూనే ఉంటుంది. దాన్ని నట్టింట్లోకి రానివ్వకుండా పునాది కింద పరిచే పొర మందం ఎంతో తెలుసా? మిల్లీమీటరున్నర! అందులో చిల్లులు వెతకడమే కొందరి ఉద్యోగం.

సైకిల్ షాపులో పంక్చర్ వేయడం చూసే ఉంటారు. ట్యూబులో గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చిన చోట గీత గీసి ప్యాచ్ అంటిస్తాడు మెకానిక్. అమెరికాలో పాత ఫ్యాక్టరీ స్థలాల్లో కొత్త భవనం కట్టేటప్పుడు జరిగేదీ ఇంచుమించు ఇదే. కాకపోతే అక్కడ ‘ట్యూబు’ భవనం పునాది అంత ఉంటుంది. నీళ్లకు బదులు పొగ వాడతారు.

కంకర మీద నల్లటి పొర పరిచాక దాని కిందికి యంత్రంతో తెల్లటి పొగ ఊదుతారు. దూరంగా ఓ మూల చిన్న రంధ్రం ముందే తెరిచి ఉంచుతారు. అందులోంచి పొగ వస్తేనే కింద అంతా నిండినట్టు లెక్క. ఆ రంధ్రం మూసేసి అప్పుడు మొదలుపెడతారు అసలు పరీక్ష. ఇన్‌స్పెక్టర్ వంగి, ఒక్కోసారి మోకాళ్ల మీద కూర్చుని, అంగుళం అంగుళం చూసుకుంటూ వెళతాడు. సన్నటి పొగతీగ లేచిందా... అక్కడ రంగుతో గుర్తు పెట్టి అతుకు వేయిస్తాడు. మళ్లీ పొగ. మళ్లీ నడక. గాలి గట్టిగా వీస్తే పొగ కంటికి ఆనదు కాబట్టి ఆరోజుకి పరీక్ష వాయిదానే.

కంప్యూటర్ చిప్పుల కింద...

ఇంత హడావుడి ఎందుకంటే, కథ సిలికాన్ వ్యాలీలో మొదలవుతుంది. మన తెలుగు కుర్రాళ్లు వేలమంది ఉద్యోగాలు చేస్తున్న చోటే. 1960లు, 70లలో అక్కడ చిప్పుల ఫ్యాక్టరీలు వెలిశాయి. లోహాల మీద జిడ్డు వదిలించడానికి ట్రైక్లోరోఎథిలీన్ (టీసీఈ) అనే ద్రావకాన్ని విరివిగా వాడేవారు. దాన్ని నిల్వచేసిన భూగర్భ ట్యాంకులు కారి, మట్టిలోకీ నీళ్లలోకీ దిగింది. ఆ సంగతి 1980ల మొదట్లో బయటపడింది. మౌంటెన్ వ్యూలో మిడిల్‌ఫీల్డ్, ఎల్లిస్, విస్మన్ వీధుల మధ్య ప్రాంతం అమెరికా ప్రభుత్వ ‘సూపర్‌ఫండ్’ జాబితాకెక్కింది. అంటే దేశంలోకెల్లా ముందు శుభ్రం చేయాల్సిన విషస్థలాల్లో ఒకటన్నమాట.

అప్పట్లో అందరి దృష్టీ తాగేనీటి మీదే. బావి నీళ్లు మానేస్తే సరిపోతుందనుకున్నారు. నేలలోంచి ఆవిరి లేచి ఇళ్లలోకి వస్తుందన్న సంగతి బాగా తలకెక్కడానికి మరో ఇరవయ్యేళ్లు పట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎండికాట్‌లో పాత ఐబీఎం ప్లాంటు చుట్టుపక్కల ఇళ్లలోకి ఇలాగే టీసీఈ ఆవిరి వస్తోందని 2000ల మొదట్లో తేలింది. వందల ఇళ్లకు ఆ గాలిని లాగి బయటికి పంపే ఫ్యాన్లు బిగించాల్సి వచ్చింది. ఆ తర్వాత మౌంటెన్ వ్యూలోనే గూగుల్ ఆఫీసు భవనాల వంతు. గాలి ఆడించే వ్యవస్థలో లోపం వల్ల 2012 చివర్లో రెండు నెలలపాటు లోపల టీసీఈ పరిమితి మించింది.

దీంతో వచ్చే ముప్పు చిన్నదేం కాదు. ఇది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అమెరికా పర్యావరణ సంస్థ (ఈపీఏ) 2011లో నిర్ధారించింది. గర్భిణుల విషయంలో భయం మరీ ఎక్కువ. పిండం గుండె రూపుదిద్దుకునే తొలి వారాల్లో కొద్దికాలం పీల్చినా ప్రమాదమేనన్నది శాస్త్రవేత్తల ఆందోళన. చాలామంది తల్లులకు అప్పటికి తాము గర్భవతులమన్న సంగతి కూడా తెలిసి ఉండదు. టీసీఈని నిషేధిస్తూ ఈపీఏ తుది నిబంధన ప్రకటించింది 2024 డిసెంబరులో!

పట్టించుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్‌విల్‌లో చూశారు. థర్మామీటర్లు తయారుచేసిన పాత భవనంలో 2004లో పసిపిల్లల సంరక్షణ కేంద్రం తెరిచారు. అక్కడి గాలిలో పాదరసం ఆవిరి ఉందని 2006 జులైలో తేలేదాకా పిల్లలు ఆ గదుల్లోనే ఆడుకున్నారు, నిద్రపోయారు. 2007లో ఆ రాష్ట్రం ఇలాంటి కేంద్రాల స్థలాలను ముందే పరీక్షించాలంటూ చట్టం చేసింది.

మనకెందుకీ గొడవ అనుకోవడానికి లేదు. హైదరాబాద్‌లో బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల లాంటి పాత పారిశ్రామికవాడల భూముల్ని ఇళ్లు, ఆఫీసుల కోసం మార్చుకునేలా తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో ఓ విధానం ప్రకటించింది. దాని పరిధిలోకి వచ్చేది తొమ్మిది వేల ఎకరాల పైమాటే. అదే ఏడాది జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది. ప్రహరీ కట్టి, నాలుగు మొక్కలు నాటి, బ్రోచర్ అచ్చేస్తే మట్టి మారిపోదు కదా!

ఇల్లే గాలి పీలుస్తుంది

లోపలి వెచ్చటి గాలి పైకి లేచి బయటికి పోతుంటే, ఆ ఖాళీని నింపడానికి కింది నుంచి గాలి వస్తుంది. పొయ్యిగొట్టం పొగను లాగినట్టు ఇల్లు నేలలోని గాలిని లాగుతుందన్నమాట. కాంక్రీటులో వెంట్రుకవాసి పగులు చాలు. నీళ్లగొట్టం చుట్టూ ఉన్న సందు చాలు.

అందుకే ముందు కంకర పరిచి, అందులో చిల్లులున్న పైపులు అమర్చి, వాటిని నిలువు గొట్టంతో డాబాపైకి కలుపుతారు. ఆవిరికి అదీ దారి. కంకర మీద వచ్చేది అసలు పొర. కొన్నిచోట్ల అల్యూమినియం కలిసిన షీట్లు వాడతారు, మరికొన్నిచోట్ల తారులాంటి పదార్థాన్ని స్ప్రే చేస్తారు. చెమ్మ రాకుండా మామూలుగా వేసే పాలిథిన్ ఇక్కడ చాలదు. చిరగకపోయినా టీసీఈ లాంటి ద్రావకాల ఆవిరి మెల్లగా దాన్ని దాటి వచ్చేస్తుంది.

తనిఖీ పొర పరవకముందే మొదలవుతుంది. కంకరలో మొనదేలిన రాయి ఉన్నా, నిన్నటి వాన నీళ్లు నిలిచినా ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు. స్ప్రే చేసిన చోట చిన్న ముక్క కోసి మందం కొలుస్తాడు. కోసిన చోటికి మళ్లీ అతుకు. ఎక్కువసేపు చూసేది మాత్రం పైపుల దగ్గరే. ఒక్కో గొట్టం, ఒక్కో కరెంటు పైపు పొరను చీల్చుకునే పైకి రావాలి. చుట్టూ కుక్కర్ గ్యాస్కెట్‌లా బిగుతుగా తొడుగు కూర్చోవాలి. ఒకదానికొకటి ఆనించి పది పైపులు గుత్తిగా పెట్టేశారంటే ఇక తలనొప్పే... మధ్య సందుల్లోకి చెయ్యే దూరదు.

పొగ పరీక్ష నెగ్గితే గండం గడిచినట్టేనా? కాదు, అసలు గండం అప్పుడే మొదలు. ఇనుప చువ్వలు కట్టేవాళ్లు ఆ పొర మీదికే దిగుతారు. చువ్వ కొన గీసుకుంటుంది. పట్టకారు జారిపడుతుంది. సెంట్రింగ్ వాళ్లలో ఒకరు అలవాటుకొద్దీ ఓ మేకు నేలలోకి దిగ్గొడతాడు. వాళ్ల తప్పు అనడానికీ లేదు, ఆ నల్లటి షీటు ఎందుకో చాలామందికి ఎవరూ చెప్పరు. తెలివైన ఇన్‌స్పెక్టర్ మొదటిరోజే మేస్త్రీని పిలిచి, చిల్లు పడితే దాచొద్దు, చెప్పండి, తిట్లుండవు అని మాట తీసుకుంటాడు. పనిముట్ల కంటే ఆ మాటే ఎక్కువ చిల్లులు పట్టిస్తుంది.

ఇక కాంక్రీట్ పోసే రోజు. లారీలు బారులుతీరి ఉంటాయి. లోపల మిశ్రమం గట్టిపడుతోందని డ్రైవర్లు, గంటకింత ఖర్చని కాంట్రాక్టరు గోల పెడుతుంటారు. అప్పుడే చువ్వల కింద ఓ చిరుగు కనిపిస్తుంది. అందరి చూపులూ ఒక్కడి మీదే. అతడు చెయ్యెత్తి ఆపితే ఆగాలి. ఆపకపోతే మరో గంటలో ఆ చిరుగు మీద కాంక్రీట్ పడుతుంది, ఇక ఎవరూ చూడలేరు. తర్వాత బాగుచేయాలంటే నేల పగలగొట్టాలి, లేదంటే భవనం ఉన్నన్నాళ్లూ ఫ్యాన్లతో లాగిస్తూ ఉండాలి. అందుకే ప్రతి అతుకుకీ ఫొటో, తేదీ, ప్లానులో గుర్తు ఉండాలంటారు.

భవనం పూర్తయ్యాక గదుల్లో స్టీలు డబ్బాలు పెడతారు. లోపల గాలంతా తీసేసిన ఆ డబ్బా 8 గంటలో 24 గంటలో కొద్దికొద్దిగా గది గాలిని పీల్చుకుంటుంది. దాన్ని ల్యాబ్‌లో పరీక్షించి లెక్క తేలాకే జనం అడుగుపెట్టేది.

డాబా మీద నిలువు గొట్టానికి ఇన్‌స్పెక్టర్ చివరిగా చూసుకునేది ఓ స్టిక్కర్. ఇది నేలలోంచి వచ్చే ఆవిరి గొట్టం, మూయవద్దు అని దాని మీద రాసి ఉంటుంది. పాతికేళ్ల తర్వాత ఏ ప్లంబరో దాన్ని డ్రైనేజీ పైపు అనుకుని బిరడా బిగించకుండా!