బిల్లు: ఒక మాట, ఎన్నో కాగితాలు

కరెంటు బిల్లు కట్టాలి, అసెంబ్లీలో బిల్లు పెట్టారు, కాంట్రాక్టర్లకు బిల్లులు ఆగిపోయాయి. ఒకే రోజు పేపర్లో ఈ మూడూ చదివినా ఎక్కడా తడబడం. ఇంగ్లీషు మాట అయినా అంతగా మనలో కలిసిపోయింది. కానీ డబ్బు చేతులు మారే చోట, చట్టాల గురించి మాట్లాడుకునే చోట దీన్ని కాస్త విడదీసి చూడాలి. లేకపోతే నష్టపోయేది మామూలు మనిషే.

మధ్యయుగపు లాటిన్‌లో ‘బుల్లా’ అంటే ముద్ర. తర్వాత ముద్ర వేసిన పత్రానికీ అదే పేరు వచ్చింది. దాని రూపాంతరమైన ‘బిల్లా’యే ఇంగ్లీషులో బిల్ అయింది. పక్షి ముక్కునూ ఇంగ్లీషులో బిల్ అంటారు గానీ అది పాత ఇంగ్లీషు నుంచి వచ్చిన వేరే మాట. రెండింటికీ పలుకు ఒకటే, చుట్టరికం లేదు.

మన వాడుకలో బిల్లు అర్థం దాని పక్కన చేరే క్రియలో తెలుస్తుంది. కొట్లో బిల్లు కొడతారు, మనం కడతాం. పని చేసినవాడు బిల్లు పెడతాడు, ఆఫీసులో అది పాసవుతుంది. ప్రభుత్వం కూడా సభలో బిల్లు పెడుతుంది, అదీ పాసవుతుంది. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది ఒకటే: బిల్లు అంటే అవతలివాళ్ల ముందు పెట్టిన కాగితం, ఇంకా తేలని వ్యవహారం. రోడ్డు వేసిన కాంట్రాక్టరునే చూడండి. జరిగిన పనిని ఇంజినీర్లు కొలిచి, కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో రాస్తారు, దాని మీద బిల్లు తయారవుతుంది. పని సగంలో ఉండగా పెట్టేది రన్నింగ్ బిల్లు, అంతా అయ్యాక పెట్టేది ఫైనల్ బిల్లు. ‘బిల్లు పెట్టాను’ అంటే డబ్బు వచ్చిందని కాదు.

చట్టసభ బిల్లూ అంతే. దానికి సరైన తెలుగు మాట ‘చట్టం’ కాదు, ‘ముసాయిదా చట్టం’. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. అప్పటికీ అది బిల్లే. మార్చి 1న రాష్ట్రపతి ఆమోదముద్ర పడ్డాకే చట్టమైంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది జూన్ 2న. సభలో నెగ్గడం, చట్టం కావడం, అమల్లోకి రావడం వేర్వేరు మెట్లు. సభలో బిల్లు నెగ్గిన పూటే ‘చట్టం వచ్చేసింది’ అని రాసే శీర్షికలు పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తాయి.

ఇక కొట్టు దగ్గరికి వద్దాం. బిల్లుకు పర్యాయపదాలుగా వాడేసే ఇన్‌వాయిస్, రసీదు, ఎస్టిమేట్ నిజానికి ఒకటి కావు. ఇన్‌వాయిస్ అంటే ఏ సరుకు ఎంత, ధర ఎంత, పన్ను ఎంత అన్న వివరాలతో అమ్మినవాడు ఇచ్చే పద్దు. రోజువారీ మాటల్లో దాన్నే బిల్లు అంటాం, అందులో తప్పు లేదు. రసీదు మాత్రం డబ్బు ముట్టిందని చెప్పే కాగితం. అప్పు మీద సరుకు తెస్తే బిల్లు ఉంటుంది, రసీదు ఉండదు. ఎస్టిమేట్ ఈ రెండూ కాదు, ఎంతవుతుందో చెప్పే అంచనా మాత్రమే. నగల దుకాణంలో గ్రాముల లెక్క, తరుగు, మజూరీ తెల్ల చీటీ మీద వేసి ఇచ్చి ‘ఇదే బిల్లు’ అంటే ఒప్పుకోకండి. రేపు నాణ్యత గురించి గొడవ వస్తే ఆ చీటీతో అమ్మకం జరిగిందని రుజువు చేయడమే కష్టమవుతుంది.

జీఎస్టీలో ఇంకో తేడా ఉంది. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారి మన దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు. అతను ఇచ్చేది ట్యాక్స్ ఇన్‌వాయిస్ కాదు, బిల్ ఆఫ్ సప్లై. ఆ కాగితం మీద జీఎస్టీ అని అదనంగా వేస్తే నిలదీసి అడగవచ్చు.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు మరో చిక్కు. అక్కడ బిల్లంటే కరెన్సీ నోటు కూడా. హోటల్లో తిన్నాక డబ్బు కట్టడానికి అడిగే కాగితాన్ని మాత్రం ఎక్కువగా ‘చెక్’ అంటారు. బ్రిటన్‌లో నోటు నోటే, హోటల్లో అడిగేది బిల్లే.

మన దగ్గర జీఎస్టీ కింద నమోదైన వ్యాపారి 200 రూపాయల లోపు అమ్మకానికి, మామూలు కొనుగోలుదారు అడగకపోతే విడిగా బిల్లు ఇవ్వనక్కర్లేదు. అడిగితే ఇవ్వాల్సిందే. అమ్మిన సరుకుకు, చేసిన సేవకు బిల్లో రసీదో ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. అందుకే మొహమాటపడకుండా బిల్లు అడగండి, డబ్బు కట్టాక అందులో చెల్లింపు నమోదైందో లేదో చూసుకోండి, వారంటీ ఉన్న వస్తువైతే గడువు తీరేదాకా దాన్ని దాచుకోండి.