తగ్గిన బరువు నిలవాలంటే తోడు కావాలి

2013 జూలైలో, రంజాన్ నెలలో, దుబాయ్ మునిసిపాలిటీ ఒక పోటీ పెట్టింది. చేరదలచినవారు పార్కుల్లో ఏర్పాటు చేసిన చోట బరువు చూపించుకోవాలి. నెల తిరిగాక మళ్లీ తూగాలి. కనీసం 2 కిలోలు తగ్గితే, తగ్గిన ప్రతి కిలోకు ఒక గ్రాము బంగారం. మరుసటి ఏడాది పిల్లలతో సహా కుటుంబాలు పాల్గొనేలా పోటీని మార్చారు.

ఈ మార్పులో ఒక మంచి ఆలోచన ఉంది. బంగారం మనిషిని నెల రోజులు నడిపించగలదు. ఆ తరువాత ఇంట్లో వంట పాతదారిలోనే సాగితే బరువు కూడా పాత చోటికే వస్తుంది. కాబట్టి ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లంతా కలిసి మారాలి.

ముందు బరువు ఎలా తగ్గుతుందో చూద్దాం. తిండి ద్వారా వచ్చే శక్తి కంటే ఖర్చయ్యేది ఎక్కువైతే, శరీరం దాచుకున్న కొవ్వును వాడుకుంటుంది. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు (శక్తిని కొలిచే లెక్క) ఉంటాయి. రోజుకు 500 కేలరీలు తగ్గించుకుంటే, మొదట్లో వారానికి దాదాపు అరకిలో తగ్గవచ్చు. మొదటి వారంలో ఇంకా ఎక్కువ తగ్గినట్టు కనిపిస్తే, అందులో చాలా భాగం నీరే.

తరువాత వేగం మందగిస్తుంది. తేలికైన ఒంటికి మునుపటికంటే తక్కువ శక్తి సరిపోతుంది. అదే సమయంలో గ్రెలిన్ (ఆకలి పుట్టించే హార్మోన్) పెరుగుతుంది. అంటే కొన్ని నెలలు గడిచేసరికి ఆకలి ఎక్కువవుతుంది, ఫలితం తక్కువవుతుంది. చాలామంది విడిచిపెట్టేది ఇక్కడే. దీన్ని బద్ధకం అనుకుని తమను తాము తిట్టుకుంటారు. శరీరం తన నిల్వను కాపాడుకునే తీరే అది.

2017 నుంచి ఏటా జరుగుతున్న దుబాయ్ ఫిట్‌నెస్ ఛాలెంజ్ 30 రోజులు, రోజుకు 30 నిమిషాలు వ్యాయామం చేయమంటుంది. అది మంచి మొదలు. తోడు అవసరం ఎక్కువగా పడేది ఆ నెల దాటాకే.

తోడు వల్ల ఎంత తేడా వస్తుంది? అమెరికా పరిశోధకులు రెనా వింగ్, రాబర్ట్ జెఫరీ 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో 166 మంది పాల్గొన్నారు. కొందరు ఒంటరిగా చేరారు. కొందరు ముగ్గురేసి స్నేహితులతో వచ్చారు. ఒంటరిగా వచ్చి బరువు తగ్గే మామూలు చికిత్స పొందినవారిలో 76 శాతం మంది చికిత్స పూర్తి చేశారు. స్నేహితులతో వచ్చి, ఒకరికొకరు ఎలా సాయపడాలో కూడా నేర్చుకున్నవారిలో 95 శాతం మంది పూర్తి చేశారు. 4వ నెలలో ఉన్న ఫలితాన్ని 10వ నెల దాకా పూర్తిగా నిలుపుకున్నవారు మొదటి జట్టులో 24 శాతం, రెండో జట్టులో 66 శాతం. స్నేహితులను కూడగట్టుకుని రాగలిగినవారికి మొదటి నుంచే పట్టుదల ఎక్కువ ఉండవచ్చు. ఆ సంగతి మనసులో ఉంచుకున్నా, ఇది పట్టించుకోదగ్గ తేడా.

బృందం మూడు పనులు చేస్తుంది. మొదటిది, వారానికోసారి అందరూ తూగే రోజు ఉంటే, అరకిలో పెరిగినప్పుడే తెలుస్తుంది. అయిదు కిలోలయ్యేదాకా ఆగనక్కర్లేదు. రెండోది, ఒకరు రెండు వారాలు రాకపోతే మరొకరు ఫోన్ చేస్తారు. మూడోది, ఒకరికి పనికొచ్చిన ఉపాయం మిగతావారికి అందుతుంది. 1961లో న్యూయార్క్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణి తన ఇంటి హాలులో ఆరుగురు స్నేహితులను కూర్చోబెట్టి మొదలుపెట్టింది ఇదే. వెయిట్ వాచర్స్ సంస్థ దాని నుంచే పుట్టింది.

యూఏఈలోని తెలుగువారికి ఇది మరింత అవసరం. కరామాలోనో బర్ దుబాయ్‌లోనో ఒక ఫ్లాట్‌లో ఆరుగురు మెస్ పెట్టుకుని వంతులవారీగా వండుకుంటారు. కూరలో నూనె ఎంత, కుక్కర్‌లో బియ్యం ఎంత అన్నది తినే ఒక్కరి చేతిలో ఉండదు. డ్యూటీ ముగిసి భోజనానికి కూర్చునేసరికి రాత్రి పదో పదకొండో అవుతుంది. మధ్యలో చక్కెర దండిగా పడిన కరక్ చాయ్ నాలుగైదు కప్పులు. వేసవిలో పగలు బయట నడవలేం. ఇలాంటి చోట ఒక్కడే డైటింగ్ అంటే, రోజూ ఐదుగురికి ఎదురీదడం. ఆ ఆరుగురూ ఒక మాట అనుకుంటే, మెస్సే బృందమవుతుంది: నూనె డబ్బాకు నెల లెక్క, అన్నం తగ్గించి పప్పు, కూర పెంచడం, చాయ్‌లో చక్కెర సగం. ఎండాకాలంలో పొద్దు వాలాక నడవవచ్చు, లేదా మాల్‌లో నడవవచ్చు. 2025 ఆగస్టులో దుబాయ్‌లోని కొన్ని మాల్స్‌ను ఉదయం 7 నుంచి 10 దాకా నడక కోసమే తెరిచారు.

లక్ష్యం చిన్నదిగా పెట్టుకోవాలి. ఆరు నెలల్లో ఇప్పుడున్న బరువులో 5 నుంచి 7 శాతం చాలు. 80 కిలోల మనిషికి అది 4 నుంచి 5.6 కిలోలు. నడుము కొలత కూడా రాసుకోవాలి. భారతీయుల్లో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతారు. ఈ శ్రమకు ఫలం అద్దంలో కనిపించేది మాత్రమే కాదు. మధుమేహం అంచున ఉన్న 578 మందితో చెన్నైలో జరిపిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. సగం మందికి బృంద తరగతులు నడిపి, అవసరమైనవారికి మెట్‌ఫార్మిన్ మాత్ర కలిపారు. మామూలు సలహాలు అందుకున్నవారితో పోలిస్తే, మూడేళ్లలో వీరికి మధుమేహం వచ్చే ముప్పు 32 శాతం తగ్గింది.

మూడు జాగ్రత్తలు. బృందాన్ని పందెంగా మార్చవద్దు. గెలవాలని పస్తులుంటే కండ కరుగుతుంది, తరువాత బరువు తిరిగి వస్తుంది. పెరిగినవారిని ఎగతాళి చేస్తే వచ్చే వారం వారు రారు. షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పాలి. తిండి తగ్గినప్పుడు పాత మోతాదే వాడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

అనుకున్న బరువుకు చేరిన రోజున బృందాన్ని చాలించవద్దు. తూకం రోజును ఇంకో ఏడాదైనా కొనసాగించండి. ఈ సెలవు రోజున మీ రూమ్‌లోవారితో గానీ ఇంట్లోవారితో గానీ కూర్చుని రెండు విషయాలు తేల్చుకోండి: తూగేది ఏ రోజు, ఈ నెల నూనె ఎన్ని లీటర్లు.