వార్తల్లో పదం: డీగో గార్సియా

బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర వేపపూత కోసం జనం ఎగబడే ఉగాది పొద్దున, మారిషస్‌లోనూ ఉగాదే. అక్కడది జాతీయ సెలవు. కోరంగి రేవు నుంచి చెరకు తోటలకు వెళ్లిన కూలీల సంతతి నిలబెట్టుకున్న పండుగ అది. విజయవాడను శివార్లతో కలిపి లెక్కేస్తే ఆ దేశం కన్నా ఇక్కడే జనం ఎక్కువ. అయినా అమెరికా బాంబర్లు వాలే డీగో గార్సియా పేరు వస్తే మారిషస్ మాటా రాక తప్పదు.

డీగో గార్సియా హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో ఒకటి. మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వడానికి మూడేళ్ల ముందు, 1965లో, 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టి బ్రిటన్ చాగోస్‌ను దాని నుంచి విడదీసుకుంది. అమెరికా సైనిక స్థావరం కోసం 1973 నాటికి దీవివాసులందరినీ ఓడలెక్కించేసింది. వాళ్ల పెంపుడు కుక్కల్ని కొబ్బరి ఎండబెట్టే షెడ్డులో పొగపెట్టి చంపారు. భద్రత అన్న పెద్దమాట వెనక ఇదీ ఉంది.

సైన్యమే లేని మారిషస్ న్యాయపోరాటం చేసింది. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం సలహాపూర్వక అభిప్రాయం దానికే అనుకూలంగా వచ్చింది. ఐరాస సర్వసభ్య సభలో 116 దేశాలు వెంట నిలిచాయి, కాదన్నవి 6. 2025 మే 22న సంతకాలైన ఒప్పందంలో చాగోస్ మారిషస్‌దేనని బ్రిటన్ ఒప్పుకుంది. స్థావరాన్ని మాత్రం 99 ఏళ్లు తన చేతిలోనే ఉంచుకుంటానంది. ఈ సముద్రంలో భారత్ అడుగూ పడింది: మారిషస్‌కే చెందిన అగలేగా దీవిలో భారత్ కట్టించిన రన్‌వే 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది.