అబ్రీ కాగితం: గ్రంథానికి రంగుల రక్ష

మనలో చాలామంది ఇళ్లలో తాతల కాలంనాటి దివ్య ఖుర్ఆన్ ప్రతి ఒకటి ఉంటుంది. జుజ్‌దాన్‌లో చుట్టి, గూట్లో భద్రంగా పెట్టుకుంటాం. విప్పి చూస్తే లోపలి పుటలు బాగానే ఉంటాయి. ఊడేది అట్ట, తెగేది కుట్టు. ఈ సంగతి ఎరిగినవారు కనుకనే పూర్వం ముస్లిం దేశాల్లో గ్రంథం రాయడంతో పాటు జిల్ద్ కట్టడాన్ని కూడా గౌరవనీయమైన విద్యగా భావించారు. ఆ జిల్ద్‌కు తోడుగా వృద్ధి చెందిన కళే అబ్రీ.

పారసీలో 'అబ్ర్' అంటే మేఘం. మబ్బుల్లాంటి రంగుల అలలు గల కాగితం గనుక దానికి అబ్రీ అని పేరు. తుర్కీలో దీన్ని 'ఎబ్రూ' అంటారు. 2014లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

దీని తయారీలో యంత్రాల పని లేదు. వేసవిలో చలవకోసం మనం నానబెట్టుకొని తాగే గోంద్ కతీరానే నీటిలో నానబెట్టి, వడగట్టి, వెడల్పాటి పళ్లెంలో పోస్తారు. నీరు చిక్కబడుతుంది గనుక రంగు అడుగుకు దిగదు. మెత్తగా నూరిన రంగుల్లో కొన్ని చుక్కల ఎద్దు పైత్యరసం కలుపుతారు. దానివల్ల రంగు నీటిపై పలుచగా పరుచుకుంటుంది, ఒకటి మరొకదానిలో కలిసిపోదు. గులాబీ కొమ్మకు గుర్రపు వెంట్రుకలు కట్టిన కుంచెతో రంగు చిలకరిస్తారు. సూదితోగాని దువ్వెనతోగాని ఆ చుక్కలను కదిపి అలలు తీస్తారు. పిదప గాలి బుడగ చిక్కకుండా కాగితాన్ని ఒక అంచునుంచి మెల్లగా పరుస్తారు. కొద్ది క్షణాల్లో రంగంతా కాగితానికి పట్టేస్తుంది. అలాంటిదే రెండవ కాగితం మరి రాదు.

ఇస్తాంబుల్‌లోని అయా సోఫియా మస్జిదు ఖతీబు మెహ్మెద్ ఎఫెందీ ఈ కళలో ఎంతటి దిట్ట అంటే, ఆయన కల్పించిన రీతికి నేటికీ 'ఖతీబు ఎబ్రూ' అనే పేరు. 1773లో ఇంటికి నిప్పంటుకోగా, తన కాగితాలను కాపాడబోయి ఆయన మరణించారని చెబుతారు. 20వ శతాబ్దంలో దీన్ని నిలిపిన నెజ్మెద్దీన్ ఓక్యాయ్ (1883-1976) కూడా ఇమామే. ఆయన లిపికారుడు, జిల్ద్ కట్టేవారు కూడా. మన దక్కనుకూ ఇందులో వాటా ఉంది. 17వ శతాబ్దపు బిజాపూరువని చెప్పే అబ్రీ చిత్రాల్లో, బక్కచిక్కిన గుర్రంపై సాగే ఫకీరు బొమ్మ నేడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

జిల్ద్‌లో అబ్రీ కాగితం అందం కోసం మాత్రమే కాదు. ఒక సగాన్ని అట్ట లోపలివైపు అంటించి, రెండవ సగాన్ని మొదటి పుటగా వదిలితే, అట్టకూ పుటలకూ మధ్య కీలును అదే పట్టి ఉంచుతుంది. చేతుల మరక దాని రంగుల్లో కనిపించదు. తోలు ఖరీదైనది గనుక వీపుకు, మూలలకు మాత్రమే తోలు వేసి, మిగతా అట్టకు అబ్రీ అంటించేవారు. ఐరోపాలో లెక్కల పుస్తకాల అంచులకు సైతం ఈ రంగులద్దేవారు. ఎవరైనా ఒక పుట చించితే అంచుమీది అల తెగి దొంగతనం బయటపడేది. అమానతు సొమ్ముకు లెక్క చూపవలసిన మనవంటి సంస్థలవారికి ఈ సంగతి ఆలోచించదగినది.

సోదర సోదరీమణులారా! మన ఊళ్లలో చేత్తో కుట్టి జిల్ద్ కట్టేవారు నానాటికీ తగ్గిపోతున్నారు. అట్ట ఊడగానే ముస్‌హఫ్‌ను మస్జిదు గూట్లో వదిలి రావడం మనకు అలవాటైంది. పుటలు బొత్తిగా శిథిలమైతే శుభ్రమైన బట్టలో చుట్టి, తొక్కిడి లేని చోట పూడ్చడం మనకు తెలిసిన మర్యాదే. కాని చదవడానికి వీలున్న ప్రతిని ముందుగా జిల్ద్ కట్టేవారికి చూపుదాం. సెల్లోటేపు అంటించవద్దు. అది కొన్నాళ్లకు పసుపెక్కి పుటను పాడుచేస్తుంది. దారంతో కుట్టించి, మైదా జిగురుతో అట్ట వేయిస్తే ఆ ప్రతి మన మనవల చేతికి అందుతుంది, ఆ పనివాని ఇంట పొయ్యీ వెలుగుతుంది. ఇన్షా అల్లాహ్, ఈ రెండు పుణ్యాలూ మనకు దక్కుతాయి.